పొద్దు గుంకకముందే కూలి

తెల్లవారేసరికే ఏ పట్నంలోనైనా కూలీల అడ్డా నిండిపోతుంది. తాపీ చేతబట్టిన మేస్త్రీలు, టిఫిన్ డబ్బా పట్టుకున్న ఆడకూలీలు రోడ్డు పక్కన ఎదురుచూస్తుంటారు. ఒక బైకు ఆగితే చాలు, పదిమంది చుట్టుముడతారు. బేరం మొదలవుతుంది. ఏడు గంటలకు అడిగిన కూలి తొమ్మిదింటికి ఉండదు. పది దాటితే 'ఎంతో కొంత ఇవ్వండి సార్' అన్న మాటే మిగులుతుంది. పొద్దెక్కేకొద్దీ మనిషి విలువ తగ్గిపోయే సంత అది!

యేసుక్రీస్తు చెప్పిన ద్రాక్షతోట పనివారి ఉపమానం (మత్తయి 20వ అధ్యాయం) ఇలాంటి అడ్డాలోనే మొదలవుతుంది. సాయంత్రం దాకా ఊరికే నిలబడ్డారెందుకని యజమాని అడిగితే, తమనెవరూ పనికి పెట్టుకోలేదన్నదే వారి జవాబు. వాళ్లు సోమరులు కారు, పని దొరకనివాళ్లు. ఆయన వాళ్లకు కూడా ఒక దేనారమిచ్చాడు. ఆనాడు అది ఒక కూలీ దినవేతనం, అంటే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగడానికి కావలసినంత. ఇది దేవుని కృపను గురించిన ఉపమానమే తప్ప ఆర్థికశాస్త్ర పాఠం కాదు, నిజమే. కానీ కూలీ అవసరాన్ని చూసే యజమానికీ, కూలీ నిస్సహాయతను చూసే యజమానికీ ఉన్న తేడా అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

కనీస వేతనాలపై సాగుతున్న చర్చకు మూలం ఈ తేడాయే. మన దేశంలో కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. అయితే అది జాబితాలో చేర్చిన పనులకే వర్తించేది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చి, ఆ జాబితాల హద్దును తీసేసింది. దాంతో పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. కూలి పెంచితే పనులు తగ్గిపోవా? చిన్న యజమాని ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు? చివరికి నష్టపోయేది ఆ పేదవాడే కదా?

ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. సరుకు ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారన్నది అందరికీ తెలిసిన లెక్క. కానీ మనిషి శ్రమ వంకాయలా, బెండకాయలా నడవదని అనుభవం చెబుతోంది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1992లో కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు అక్కడి ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను, వేతనం పెంచని పొరుగు రాష్ట్రం పెన్సిల్వేనియాలోని హోటళ్లతో పోల్చి చూశారు. ఉద్యోగాలు తగ్గుతాయన్న అంచనా నిజం కాలేదు. అప్పుడు చెలరేగిన వివాదం ఏళ్ల తరబడి సాగింది. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది.

మరీ దూరం వెళ్లనక్కరలేదు. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకంలో, కొన్నేళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్మార్ట్‌కార్డులతో కూలి చెల్లించే పద్ధతి తెచ్చింది. లాటరీ పద్ధతిలో ఎంచిన మండలాల్లో దీన్ని ముందుగా అమలుచేశారు. ఆ మండలాలను మిగతావాటితో పోల్చిన అధ్యయనం 2023లో అచ్చయింది. పథకంలో ఉన్న కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. విశేషమేమంటే, అందులో ఎక్కువ భాగం పథకం డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చింది. బయట కూలి రేట్లు పెరిగాయి, పనులు తగ్గకపోగా పెరిగాయి. భూములు కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో పనులు ఇంకా ఎక్కువ పెరిగాయి. ఎందుకని? ఊళ్లో పనిచ్చే మోతుబరులు ఇద్దరు ముగ్గురే ఉంటే వాళ్లు చెప్పిందే రేటు. మరోచోట పని దొరుకుతుందన్న ధైర్యం కూలీకి వస్తే, ఆ రేటు న్యాయానికి దగ్గరవుతుంది.

అలాగని ఎంత పెంచినా ఫరవాలేదని కాదు. అమెరికాలోనే సియాటిల్ నగరం 2016లో కనీస వేతనాన్ని 13 డాలర్లకు పెంచినప్పుడు, తక్కువ జీతగాళ్ల పనిగంటలు తగ్గాయని ఒక విశ్వవిద్యాలయం, హోటళ్లలో ఉద్యోగాలు తగ్గలేదని మరొకటి చెప్పాయి. ఎంత, ఎక్కడ, ఎంత వేగంగా పెంచాలన్నది ఆలోచించి తేల్చుకోవలసిందే. అసలు హద్దే వద్దనడం మాత్రం వేరు. ఆకలి కూడా బలవంతమేననీ, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునేది వెట్టిచాకిరీయేననీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో మన సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది.

దినకూలీకి పని ముగిసేసరికి వేతనం ఇవ్వాలంటోంది కొత్త కోడ్. పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం (24:15) ఏనాడో ఆదేశించింది. పేదవాడు దాని మీదే ఆశ పెట్టుకుంటాడన్నది అక్కడ చెప్పిన కారణం. కూలి ఎగ్గొట్టి దేవదారు పలకలతో మేడ కట్టుకున్న యెహోయాకీము రాజును యిర్మీయా ప్రవక్త (22:13) శపించినంత పనిచేశాడు. బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందన్నాడు యాకోబు (5:4).

ఇదంతా ఫ్యాక్టరీల వాళ్లకే అనుకుంటే పొరపాటు. మన మందిరం వాచ్‌మన్‌కు, మన స్కూలు ఆయాకు, మన ఇంట్లో అంట్లు తోమే అమ్మకు ఎంతిస్తున్నాం? తక్కువ జీతానికి 'సేవ' అని పేరు పెట్టుకోవడం సంఘాల్లో తేలికైపోయింది. సేవ అనేది చేసేవాడు ఇష్టంతో ఇచ్చుకునేది, చేయించుకునేవాడు జీతంలోంచి కోసుకునేది కాదు. సంఘం పేదదైతే పూటపని చేయించుకుని పూట జీతం ఇవ్వవచ్చు, దాచాల్సిందేమీ లేదు. రోజంతా ఉంచుకుని సగమే ఇవ్వడం మాత్రం న్యాయం కాదు.

ఈ నెల సంఘ కమిటీ కూర్చున్నప్పుడు మైకుసెట్టు, రంగుల ఖర్చుకన్నా ముందు జీతాల పుస్తకం తెరవండి. మన రాష్ట్రం నిర్ణయించిన కనీస వేతనం ఎంతో కనుక్కుని, ఆ అంకె పక్కన మనమిస్తున్న అంకె రాయండి. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా మనది కాదు, వాళ్లది. దాన్ని కానుకల పెట్టెలో వేసినా దేవుడు కానుకగా లెక్కించడు!