వైరస్‌కీ పుట్టుమచ్చలుంటాయి!

మీ పదో తరగతి సర్టిఫికెట్ ఒకసారి బయటికి తీయండి. అందులో గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. 'కుడి చెంప మీద ఒకటి, ఎడమ మోచేతి మీద ఒకటి' ఇలాగన్నమాట. మీరు ఎంత పొడుగు, ఏం రంగు, జుట్టు ఎలా దువ్వుకుంటారు... ఇవేవీ అక్కర్లేదు. రెండు మచ్చలు చాలు, మనిషిని పట్టెయ్యొచ్చు.

మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థదీ ఇదే పద్ధతి. వైరస్‌ని తలనుంచి తోకదాకా చదువుతూ కూర్చోదు. దాని ప్రొటీన్‌లో ఓ చిన్న ముక్కని పట్టుకుని, 'వీడు మనవాడు కాదు' అని తేల్చేస్తుంది. ఆ ముక్కనే ఎపిటోప్ అంటారు. మన టి-కణాలు చూసే ముక్క ఎంతుంటుందో తెలుసా? తొమ్మిదో పదో అమైనో ఆమ్లాలు, మహా అయితే ఇరవై చిల్లర. కరోనా స్పైక్ ప్రొటీన్‌లో ఉన్నవి 1273. తొమ్మిదేసి చొప్పున ఒక్కో అడుగూ జరుపుతూ కోస్తే 1265 ముక్కలొస్తాయి. అందులో మన శరీరం నిజంగా పట్టించుకునేవి కొన్నే. ఆ కొన్నీ ఏవో తెలిస్తే టీకాకీ, పరీక్షకీ, మందుకీ దారి దొరికినట్టే.

మరి ఆ సంగతి ఎక్కడ రాసి ఉంటుంది?

లోకంలోని మచ్చలన్నీ ఒకే చిట్టాలో

దశాబ్దాలుగా ఎక్కడెక్కడి ల్యాబుల్లోనో ఈ ముక్కల్ని కనిపెడుతూనే ఉన్నారు. ఒకరు జపాన్‌లో, ఒకరు జర్మనీలో, ఒకరు బ్రెజిల్‌లో. ఎవరి పేపరు వాళ్లది. వాటన్నిటినీ ఒక్కచోట చేర్చిందే ఐఈడీబీ, అంటే ఇమ్యూన్ ఎపిటోప్ డేటాబేస్. అమెరికాలో శాన్ డియేగోలో ఉన్న లా హోయా ఇమ్యునాలజీ సంస్థలో అలెస్సాండ్రో సెట్టే, బ్యోర్న్ పీటర్స్ బృందాలు దీన్ని నడుపుతున్నాయి. డబ్బు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థది. 2006 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. లాగిన్ లేదు, ఫీజు లేదు. మీ ఫోన్‌లో ఐఈడీబీ డాట్ ఓఆర్‌జీ అని కొట్టినా తెరుచుకుంటుంది.

ఇందులో ఇరవై వేలకు పైగా పరిశోధన పత్రాల సారం ఉంది. పది లక్షలకు పైగా ఎపిటోపులున్నాయి. జబ్బు తెచ్చే క్రిములవే కాదు, వేరుశనగ అలర్జీ, టైప్-1 షుగర్ లాంటి వాటివీ ఉన్నాయి. ఒక్కో ప్రయోగాన్నీ చదివి, ఏ ముక్క, ఎవరి రక్తం, ఏ పద్ధతి, ఫలితం ఏంటి అని వరుసగా ఎక్కిస్తారు. 'ఈ ముక్క మీద ప్రయోగం చేశాం, ఏ స్పందనా రాలేదు' అన్నది కూడా రాస్తారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో పనుంది.

2020లో ఏం జరిగిందంటే...

2020 జనవరి రెండో వారంలో కొత్త కరోనా వైరస్ జన్యుక్రమం బయటికొచ్చింది. అప్పటికి శాన్ డియేగోలో ఆ జబ్బు వచ్చి తగ్గిన మనిషి రక్తం ఒక్క చుక్క కూడా లేదు. అయినా సెట్టే బృందం ఖాళీగా కూర్చోలేదు. చిట్టా తెరిచింది. 2003లో భయపెట్టిన సార్స్ వైరస్ ముక్కలు అందులో ఉన్నాయి. పాత వైరస్‌నీ కొత్త వైరస్‌నీ పక్కపక్కన పెట్టి, ఏయే ముక్కలు మారలేదో చూసింది. మిగతావాటికి కంప్యూటర్‌తో అంచనా కట్టింది. మార్చికల్లా ఆ జాబితా అచ్చయింది.

తర్వాత ఆ అంచనాల ఆధారంగా ముక్కల్ని ల్యాబులో తయారు చేసి, కొవిడ్ నుంచి కోలుకున్న 20 మంది రక్తంలో కలిపారు. ఇరవై మందిలోనూ సహాయక టి-కణాలు స్పందించాయి. 70 శాతం మందిలో, సోకిన కణాల్ని చంపే టి-కణాలూ స్పందించాయి. 'ఈ వైరస్ మీద మన ఒంటికి అసలు జ్ఞాపకం మిగులుతుందా' అని లోకమంతా కంగారు పడుతున్న రోజులవి. మేలో వచ్చిన ఈ కబురు టీకా తయారీదారులకు పెద్ద ధైర్యం. ఇంకో చిత్రం కూడా ఉంది. 2015-18 మధ్య, అంటే కొవిడ్ పుట్టకముందు తీసి దాచిన రక్తంలో కూడా 40 నుంచి 60 శాతం నమూనాలు స్పందించాయి. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌ల పరిచయం అది కావచ్చని తర్వాతి ప్రయోగాలు సూచించాయి.

ఒమిక్రాన్ వచ్చినప్పుడూ అంతే. చాలా యాంటీబాడీల్ని అది తప్పించుకుంది. టీకా వేసుకున్నవాళ్ల టి-కణాల స్పందన మాత్రం సగటున ఎనభై శాతానికి పైగా నిలిచింది. మచ్చలు చాలాచోట్ల ఉన్నాయి కాబట్టి, వేషం ఎంత మార్చినా అన్నీ చెరుపుకోవడం వైరస్ వల్ల కాలేదు.

అయితే, ఎవరి రక్తం?

ఇక్కడే అసలు మెలిక. టి-కణం వైరస్ ముక్కని నేరుగా చూడదు. మన కణాలు ఆ ముక్కని ఒక పళ్లెంలో పెట్టి బయటికి చూపించాలి. ఆ పళ్లెమే హెచ్‌ఎల్‌ఏ. లుకేమియా పేషెంటుకి ఎముక మజ్జ దాత కోసం వెతికేటప్పుడు సరిచూసేది కూడా దీన్నే. దీనిలో వేల రకాలున్నాయి. మీ పళ్లెం వేరు, మీ ఫ్రెండ్ పళ్లెం వేరు. ఒకే డెంగీ ఇద్దరికీ వచ్చినా మీ ఒళ్లు ఒక ముక్కని చూపిస్తే, వాడి ఒళ్లు ఇంకోటి చూపిస్తుంది.

ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ పరిశోధన జరిగిన పళ్లేల్లో ముందుండేది ఏ-0201 అనే రకం. యూరప్ మూలాలున్న వాళ్లలో అది చాలా ఎక్కువ. ల్యాబులు అక్కడున్నాయి, రక్తం అక్కడ దొరికింది, కాబట్టి లెక్కలూ అక్కడివే పేరుకున్నాయి. మన దేశంలో ఆ కుటుంబం నుంచి ఎక్కువగా కనిపించేది దాని దాయాది ఏ-0211 అని మన పరిశోధకులు గమనించారు. తేడా కొన్ని అమైనో ఆమ్లాలే. కానీ పళ్లెం అంచు కాస్త మారితే అందులో నిలిచే ముక్క మారిపోవచ్చు.

కంప్యూటర్ టూల్‌ని అడిగితే ఏ-0211కి కూడా టకటకా జవాబిస్తుంది. నేరుగా చేసిన ప్రయోగాలు తక్కువున్న చోట పక్కింటి లెక్కలు చూసి చెబుతుంది. అంటే మన విషయంలో చాలాసార్లు అది అంచనా మీద అంచనా.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. క్లాసు రిజిస్టర్‌లో 'ఆబ్సెంట్' అని పడటం వేరు, అసలు పేరే లేకపోవడం వేరు. చిట్టాలో 'స్పందన లేదు' అంటే ఎవరో పరీక్షించి చూశారని అర్థం. ఏమీ కనిపించకపోతే? ఎవరూ చూడలేదని మాత్రమే అర్థం. ఈ రెండూ కలిపేస్తే మన జనానికి పనికొచ్చే లక్ష్యం కళ్లముందే ఉన్నా, 'అక్కడేం లేదు' అని దాటిపోతాం.

పక్క దేశం చూపించింది

వెతికితే ఏం దొరుకుతుందో శ్రీలంక కథ చెబుతుంది. డెంగీ ఏటా తిరిగే ఆ దేశపు రక్తదాతల నమూనాల్ని సెట్టే బృందమే అక్కడివాళ్లతో కలిసి పరీక్షించింది. 2013లో ఫలితాలొచ్చాయి. కొన్ని హెచ్‌ఎల్‌ఏ రకాలున్నవాళ్లలో టి-కణాల స్పందన బలంగా ఉంది, ఆ బలానికీ జబ్బు నుంచి రక్షణకీ సంబంధం కనిపించింది. చంపే టి-కణాలు ఎక్కువగా గురిపెట్టేది వైరస్ పైకోటు మీద కాదు, లోపల పనిచేసే ఎన్‌ఎస్-3, ఎన్‌ఎస్-5 లాంటి ప్రొటీన్ల మీద అని కూడా తేలింది.

ఇదెందుకు ముఖ్యమంటే, 2015 డిసెంబరులో మెక్సికోలో తొలి అనుమతి పొందిన డెంగీ టీకా డెంగ్వాక్సియాలో పైకోటు డెంగీది, లోపలి సరంజామా ఎల్లో ఫీవర్ టీకా వైరస్‌ది. అంటే డెంగీ ఎన్‌ఎస్ ప్రొటీన్లు అందులో లేనే లేవు. అంతకుముందు డెంగీ రానివాళ్లకు ఈ టీకా వేస్తే, తర్వాత తీవ్రమైన డెంగీ వచ్చే ముప్పు పెరగొచ్చని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించింది. దానికి ముఖ్యంగా యాంటీబాడీల తీరునే కారణంగా చెబుతారు. టి-కణాలకి సరైన ముక్కలు అందకపోవడం కూడా కలిసొచ్చి ఉండొచ్చని వాదించినవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా, లక్ష్యాల చిట్టా టీకాకి ముందే చూడాల్సిన సరుకని దీన్నిబట్టి తెలుస్తుంది.

మనకి టూల్స్ కొరత లేదు

ఈ రంగంలో మనవాళ్లు వెనకబడ్డారనుకుంటే పొరపాటే. చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సాంకేతిక సంస్థ ఇమ్‌టెక్‌లో జీపీఎస్ రాఘవ బృందం 2001లోనే ప్రొప్రెడ్ అనే అంచనా టూల్‌ని ఉచితంగా పెట్టింది. 2003లో ఎంహెచ్‌సీబీఎన్ డేటాబేస్ వచ్చింది. అంటే ఐఈడీబీ తెరుచుకోకముందే! ఇవాళ వరంగల్‌లోనో గుంటూరులోనో బయోటెక్ చదివే కుర్రాడు లాప్‌టాప్ ముందు కూర్చుంటే, శాన్ డియేగో శాస్త్రవేత్త వాడే టూలే వాడగలడు. కొరతల్లా రక్తనమూనా, ల్యాబు, ఓపిగ్గా చేసే ప్రయోగం.

అందుకే లాక్‌డౌన్ రోజుల్లో ఓ తమాషా జరిగింది. 'కంప్యూటర్‌తో కరోనా టీకా డిజైన్ చేశాం' అంటూ ప్రపంచం నలుమూలల నుంచీ పత్రాలు వెల్లువెత్తాయి. చాలావాటిలో టెస్ట్ ట్యూబ్ ముట్టుకున్న దాఖలాయే లేదు. అంచనా తప్పని కాదు. అది ఇంటర్వ్యూకి పిలవాల్సిన వాళ్ల షార్ట్‌లిస్ట్ మాత్రమే, అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాదు.

కాబట్టి మీరు ప్రాజెక్ట్ చేస్తున్నా, వాట్సాప్‌లో 'కంప్యూటర్ టీకా కనిపెట్టేసింది' అన్న ఫార్వర్డ్ చదువుతున్నా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ప్రయోగమా, అంచనానా? ఎవరి రక్తం, ఏ హెచ్‌ఎల్‌ఏ? 'లేదు' అన్నారంటే, పరీక్షించి లేదన్నారా, పరీక్షించక లేదన్నారా?

ఈ వారం తీరిగ్గా ఆ సైటు తెరిచి, వెతికే చోట ఇంగ్లిష్‌లో డెంగీ అని కొట్టండి. వచ్చిన వరుసల్లో నాలుగైదింటి పేపర్లు నొక్కి, రక్తం ఏ దేశానిదో చూడండి. తర్వాత ఏ-0211 పెట్టి మళ్లీ వెతికి, వరుసలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. రెండు అంకెల మధ్య తేడా ఎంతో, మన ల్యాబులకి మిగిలిన పని అంత. మీలో ఎవరో ఒకరు ఆ పనికే జీతం తీసుకునే రోజు రావచ్చు కూడా.