నీతికి తూనికరాయి ఏది?

మతం పోతే నీతి పోతుందని వాదించే పెద్దలు నేటికీ ఉన్నారు. అబిడ్స్‌లోని సెంట్ జార్జి చర్చి నుంచి నాంపల్లి యూసుఫైన్ దర్గా దాకా నడిచి చూడండి. ప్రార్థనకు చోటు కరువు లేదు. నీతి అక్కడే పుడుతుందా?

ఆ దగ్గరలోనే, పబ్లిక్ గార్డెన్స్ పక్కన, శాసనసభ ఉన్నది. బాలికలను దేవదాసీలుగా, జోగినులుగా అంకితమివ్వడం నేరమన్న 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం అక్కడినుంచే వెలువడింది. ఎల్లమ్మ పేర, పోచమ్మ పేర దళిత బాలికలను ఊరి పెత్తందార్ల పాలు చేసినవారు నాస్తికులు కారు, దైవభక్తులే!

"అది అసలైన మతం కాదు" అంటారు. మంచిది. అసలునూ నకిలీనీ ఏ తూనికరాయితో వేరుచేశారు? ఆ రాయి గ్రంథంలో లేదు. ఆ పిల్ల బాధను లెక్కలోకి తీసుకున్న మానవ వివేకంలో ఉన్నది. ఈ దురాచారాన్ని ఎదిరించిన ఆస్తికులూ ఉన్నారు. వారు తూచినదీ ఈ రాయితోనే.

హేతువు పొరబడదా? పొరబడుతుంది. కాని దానిని ప్రశ్నించవచ్చు, దిద్దవచ్చు. దైవాజ్ఞను ప్రశ్నిస్తే పాపమంటారు. తేడా అంతా ఇక్కడే ఉన్నది.

చట్టం వచ్చినంతమాత్రాన ఆచారం చావదు. ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఊరూరా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ నీతి ఎవరి మేలుకు?