గట్టి జట్లను పిలిచి ఓడినా నష్టం లేదు

2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లోని గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ జరిగింది. ఆడినవి మూడే జట్లు: భారత్, సిరియా, మారిషస్. జాతీయ జట్టు కోచ్‌గా మనోలో మార్కెజ్‌కు అవే తొలి మ్యాచ్‌లు. ప్రపంచ ర్యాంకుల్లో 179వ స్థానంలో ఉన్న మారిషస్ మీద మనవాళ్లు ఒక్క గోల్ కూడా కొట్టలేక 0-0తో సరిపెట్టుకున్నారు. ఆరు రోజుల తర్వాత సిరియా 7వ నిమిషంలోనే గోల్ కొట్టి, చివరికి 3-0తో గెలిచి కప్పు పట్టుకుపోయింది. సొంతగడ్డ మీద కప్పు పోతే అభిమానికి మనసు చివుక్కుమంటుంది, అందులో తప్పేమీ లేదు. అయినా ఆ వారంలో మన జట్టుకు నిజంగా పనికొచ్చింది ఏదైనా ఉంటే అది సిరియాతో ఆడిన తొంభై నిమిషాలే. స్నేహపూర్వక టోర్నీ ఉన్నదే అందుకు. ఓడితే ఇంటికి పోవాల్సిన పోటీలో తెలియాల్సిన లోపం, ఓడినా ఏమీ పోని పోటీలోనే తెలిసిపోవాలి. మన ఫుట్‌బాల్ సమాఖ్య ఈ అవకాశాన్ని చాలాకాలంగా కప్పులు గెలవడానికే వాడుకుంటోందన్నది నా ఫిర్యాదు.

2023 సంగతి చూడండి. ఆ ఏడాది మార్చిలో ఇంఫాల్‌లో ముక్కోణపు టోర్నీ, జూన్‌లో భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, ఆ వెంటనే బెంగళూరులో శాఫ్ ఛాంపియన్‌షిప్, మూడూ మనవే. జట్టు ర్యాంకు 99కి చేరింది. పండగ చేసుకోదగ్గ ఏడాదే. ఆ టోర్నీల్లో ఎదురైన లెబనాన్, కువైట్ తీసిపారేయదగ్గ జట్లు కావు కూడా. కానీ భువనేశ్వర్‌కు వచ్చిన మిగతా రెండు జట్లు మంగోలియా, వనువాటు. ఆ వనువాటు మీద కూడా గోల్ కోసం 81వ నిమిషం దాకా ఆగాల్సి వచ్చింది, అది కూడా సునీల్ ఛెత్రి కాలి నుంచే. మూడు టోర్నీలూ మన మైదానాల్లో, మన జనం మధ్యే జరిగాయి. ఆరు నెలలు తిరగ్గానే ఖతార్‌లో ఆసియా కప్ వచ్చింది. ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు, ఒక్క గోల్ కూడా లేదు. ర్యాంకు 117కి జారింది. ఉజ్బెక్ జట్టు బంతిని తిప్పే వేగం మన రక్షణ శ్రేణికి అసలు పోటీలో ఎదురైంది. దాన్ని ఇంఫాల్‌లోనో భువనేశ్వర్‌లోనో ముందే చూసి ఉండాల్సింది.

దీనికి సమాఖ్య తరఫున వినిపించే జవాబు ర్యాంకు. గెలిస్తే ర్యాంకు పెరుగుతుంది, ర్యాంకు పెరిగితే డ్రాలో పై వరసలో ఉంటాం, అప్పుడు తేలిక గ్రూపు దొరుకుతుందని. వాదన తార్కికంగానే ఉంది, లెక్క మాత్రం నిలవదు. ఫిఫా 2018 నుంచి వాడుతున్న పద్ధతిలో అంతర్జాతీయ విండోలో ఆడిన ఫ్రెండ్లీకి బరువు 10 అయితే, అర్హత మ్యాచ్‌కు 25. పైగా ప్రత్యర్థి బలాన్ని బట్టి పాయింట్లు వస్తాయి కనుక చిన్న జట్టును ఓడిస్తే వచ్చేది కొంచెమే. మారిషస్‌తో డ్రా చేసుకుంటే పాయింట్లు పెరగవు సరికదా, ఉన్నవి తగ్గుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పై వరస మనకు దక్కనే దక్కింది. 2027 ఆసియా కప్ అర్హత పోటీల చివరి దశ డ్రాలో భారత్ మొదటి పాట్‌లో ఉంది. గ్రూపులో వచ్చినవి హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్. కోరుకున్న తేలిక గ్రూపు అంతకన్నా ఏం దొరుకుతుంది? అయినా మనం అర్హత సాధించలేదు.

స్నేహపూర్వక టోర్నీ అవకాశాన్ని ఫ్రాన్స్ వేరేలా వాడుకుంది. 1998 ప్రపంచకప్‌కు ఆతిథ్య దేశం కావడంతో దానికి అర్హత మ్యాచ్‌లు లేవు. ముందు ఏడాది ‘టోర్నోయ్ డి ఫ్రాన్స్’ పేరుతో పిలిచింది ఎవరినంటే బ్రెజిల్, ఇటలీ, ఇంగ్లండ్‌లను. రాబర్టో కార్లోస్ కొట్టిన వంపు ఫ్రీకిక్‌తోనే ఆ టోర్నీ చాలామందికి గుర్తు. ఆతిథ్య జట్టు మూడు మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు, కప్పు ఇంగ్లండ్‌కు పోయింది. మరుసటి ఏడాది ప్రపంచకప్ గెలిచింది ఫ్రాన్సే. మనకూ అలాంటి కాలం ఒకటి ఉండేది. 1982లో కలకత్తాలో మొదలైన నెహ్రూ కప్‌కు ఉరుగ్వే, హంగరీ, పోలండ్, సోవియట్ యూనియన్ వంటి జట్లు వచ్చేవి. 1984లో ఈడెన్ గార్డెన్స్‌లో, రెండేళ్ల తర్వాత ప్రపంచ విజేతను తయారుచేసిన బిలార్డో అర్జెంటీనా జట్టును మనవాళ్లు 79వ నిమిషం దాకా నిలువరించి 0-1తో ఓడారు. అదే ఏడాది భారత్ ఆసియా కప్‌కు ఆడి అర్హత సాధించింది. 1964లో మిగతా జట్లు తప్పుకోవడంతో దారి దొరికింది కనుక, మైదానంలో సంపాదించుకున్న తొలి అర్హత ఇదే. నెహ్రూ కప్ వల్లే అది సాధ్యమైందని తేల్చి చెప్పలేం. పెద్ద జట్ల ముందు బెదరని అలవాటు మాత్రం ఊరికే రాదు.

గెలుపు లేకపోతే జనం స్టేడియానికి రారన్నది మరో అభ్యంతరం. 2018లో ముంబయిలో చైనీస్ తైపీ మీద భారత్ 5-0తో గెలిచింది, ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు. చూడ్డానికి వచ్చింది రెండున్నర వేల మంది. మర్నాడు కెప్టెన్ స్వయంగా వీడియోలో చేతులు జోడించి ‘తిట్టడానికైనా రండి’ అన్నట్టు అడిగితే తర్వాతి మ్యాచ్‌కు టికెట్లు అయిపోయాయి. జనాన్ని రప్పించింది ఆ పిలుపు. అయిదు గోల్స్ కాదు.

గట్టి జట్లు మన దగ్గరకు రావు, ఖర్చు భరించలేం అనేవారికి ఒక మాట. అర్జెంటీనానే రానక్కర్లేదు. 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించిన ఉజ్బెకిస్థాన్, జోర్డాన్ మన ఖండంలోవే. వాళ్లు రాకపోతే మనమే వెళ్లొచ్చు. 2025లో మలేసియా తప్పుకోవడంతో ఖాళీ అయిన చోట భారత్ కాఫా నేషన్స్ కప్‌కు వెళ్లింది, కొత్త కోచ్ ఖాలిద్ జమీల్‌తో. ఆతిథ్య తజికిస్థాన్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించింది. ఇరాన్‌కు దాదాపు గంటసేపు గోల్ ఇవ్వలేదు, చివరికి 0-3తో ఓడింది. మూడో స్థానం కోసం ఒమన్‌తో మ్యాచ్‌లో వెనకబడి, ఉదంత సింగ్ గోల్‌తో సమం చేసి, షూటౌట్‌లో గుర్‌ప్రీత్ ఆఖరి పెనాల్టీ ఆపడంతో గెలిచింది. నెల తిరగ్గానే అర్హత పోటీలో సింగపూర్ మీద మళ్లీ తడబడింది కదా అంటారు. నిజమే. ఏళ్ల తరబడి వదిలేసిన సాధనను ఒక్క టోర్నీ పూడ్చలేదు. ఇలాంటివి ఏటా ఉండాలనడానికి అదే కారణం.

హైదరాబాద్‌కు ఈ మాట కొత్త కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ ఊరి రహీం సాబ్ శిక్షణలోని జట్టు తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. సమాఖ్య ఈసారి ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఎక్కడ పెట్టినా, మనకంటే ర్యాంకులో కనీసం నలభై మెట్లు పైనున్న జట్లు రెండైనా ఉండేలా చూడాలి. అందులో మన జట్టు ఓడితే కోచ్‌ను మార్చమని అడగకుండా ఉండే ఓపిక మనం చూపాలి.