తెలివిగల మేడ

ఎవరూ లేని గదిలో దీపం వెలుగుతుంటే ఇంట్లో పెద్దలు కేకలు వేయడం మనకు తెలిసిందే. ఆ కేకలు వేసే పని ఇప్పుడు మేడలే నేర్చుకున్నవి.

హాలెండులోని ఆంస్టర్‌డాం నగరంలో ‘ది ఎడ్జ్’ అనే కార్యాలయ భవనం వున్నది. 2015లో ప్రారంభమైంది. అందులో ముఖ్యంగా కాపురమున్నది డెలాయిట్ కంపెనీవారు. వెలుతురు, వేడి, చెమ్మ, మనుషుల కదలిక కనిపెట్టే సెన్సార్లు సుమారు 28,000 దాని నిండా అమర్చారు. కంప్యూటర్లను కలిపే తీగెలోనుంచే దీపాలకు కరెంటూ, కబురూ రెండూ అందుతవి. మనుషులు లేని మూల దీపం తగ్గుతుంది. ఏ గదిలో అలికిడి ఎక్కువైందో చూసి, ముందు దేన్ని శుభ్రం చేయాలో కూడా మేడే చెపుతుంది.

అక్కడ ఎవరికీ సొంత బల్ల లేదు. సుమారు 2,500 మంది ఉద్యోగులకు 1,000 బల్లలు. ఈ రోజు ఎక్కడ కూర్చోవాలో చేతిలోని ఫోను చూపిస్తుంది. కరెంటు ఆదా, చోటు ఆదా! బాగానే వున్నది.

కాని ఖాళీ కుర్చీని కనిపెట్టే కన్ను నిండిన కుర్చీనీ కనిపెడుతుంది గదా! దీపం ఆర్పడానికి పుట్టిన లెక్క, ఎవరు ఎంతసేపు సీటులో లేరో చెప్పే చిట్టాగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

దొంగల సంగతి మరొకటి. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాలవారి కంప్యూటర్లలో దొంగలు పడి, సుమారు 4 కోట్ల బ్యాంకు కార్డుల వివరాలు కాజేశారు. వారు మొదట దొంగిలించింది, ఆ దుకాణాల్లో చల్లదనం యంత్రాల పని చేసే చిన్న కంపెనీకి ఇచ్చిన ప్రవేశపు రహస్య పదాన్ని! సింహద్వారానికి ఎన్ని తాళాలున్నా, పెరటి తలుపు గడియ తీసి వుంటే ఏం లాభం?

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తరువాత, ఆ చుట్టుపక్కల ఎన్నో అద్దాల మేడలు లేచినవి. మన పిల్లలెందరో తలుపు దగ్గర కార్డు చూపించి లోపలికి వెళుతున్నారు. వారు వెళ్లిన వేళ, వచ్చిన వేళ ఆ మేడలకు తెలుసు.

తెలివిగల మేడ వద్దనడం లేదు. అద్దెకు దిగేముందు తాళంచెవులు ఎన్ని, ఎవరి దగ్గరున్నవి అని అడుగుతాము. ఈ మేడల లెక్కలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు అన్నదీ అట్లాగే అడగవలసిన ప్రశ్న. మేడకు తెలివి వచ్చిందని, మనం తెలివి మానుకోనక్కరలేదు గదా!