ఆవాజ్ జర తక్కువ, బేటా!

యాచారంలో మా అబ్బా రేడియోకి అమ్మీ కుట్టిన గిలాఫ్ ఉండేది. దుమ్ము పడనిచ్చేవాళ్లు కాదు. హైదరాబాద్ కేంద్రం ‘నైరంగ్’ పెట్టినా ఆవాజ్ మా దహ్లీజ్ దాటేది కాదు. పొరుగింటి లిహాజ్ అది.

ఇప్పుడు మా సాహెబ్‌జాదా హోం థియేటర్ ఫుల్లు పెడతాడు. మొన్న ట్వీటర్ కాలింది. చిన్న ఆంప్లిఫయర్‌ని దాని తాకత్‌కి మించి తిప్పితే శబ్దం చిట్లుతుందట, ఆ వేడికి లోపలి కాయిల్ మాడుతుందట. పైసలిచ్చి కొత్తది వేయించాం.

చెవిలోని సన్నటి కణాలకు మాత్రం మరమ్మత్ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెళ్లయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. ఎంత ఫరక్! స్పీకర్ గరగరమంటే పరేషాన్ అవుతాం, చెవి గుయ్యిమంటే పట్టించుకోం.

వాల్యూం నాబ్ పక్కన ఎర్రగీత గీశాను. నాలుగు రోజులుగా వాడు నాతో మాట్లాడట్లేదు.