గాజుగోడ వెనుక మనుషులు



మొన్నటి వేసవిలో పని మీద బెజవాడ బందరు రోడ్డులోని ఒక అద్దాల మేడకు వెళ్ళాను. నా పూర్వ విద్యార్థి ఒకడు అందులో నాలుగో అంతస్తున, పై చదువులకు పిల్లలను విదేశాలకు పంపే కార్యాలయం నడుపుతున్నాడు. పడమటి గోడ సాంతం గాజే. మధ్యాహ్నం మూడు గంటలకు ఆ గాజుకు లోపలివైపు దళసరి తెరలు దించి, పట్టపగలు ట్యూబులైట్లు వెలిగించి, రెండు ఏసీలు నడుపుతున్నారు. వెలుతురు కోసం గాజు, ఆ వేడి తాళలేక తెర, తెర తెచ్చిన చీకటికి దీపం, ఆ దీపానికి ఇబ్రహీంపట్నంలోనో మరొకచోటో కాలే బొగ్గు! పెంకుటింటి వసారాలో పెరిగిన నాకు ఈ గొలుసు తర్కానికి అందలేదు.

"మాస్టారూ, విదేశాలలో ఈ గాజే కరెంటు పుట్టిస్తుందట" అన్నాడు మావాడు. ఆ మాట పట్టుకొని కొంత చదివాను. గాజు కంటె దాని వెనుకనున్న మనుషులే నన్ను ఎక్కువగా ఆకర్షించారు.

స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో మైకేల్ గ్రేట్సెల్ అనే రసాయన శాస్త్రాచార్యుడు, బ్రయన్ ఓ రీగన్‌తో కలిసి 1991లో 'నేచర్' పత్రికలో ఒక కొత్తరకం సౌరఘటాన్ని ప్రకటించాడు. రెండు గాజుపలకల నడుమ టైటానియం డయాక్సైడు పొర ఉంటుంది. మన గోడలకు వేసే తెల్లరంగులో ఉండేది ఆ పదార్థమే. ఆ పొరకు ఒక రంగు అద్దుతారు. రంగు అణువు వెలుగును గ్రహించి ఎలక్ట్రానును పొరకు అందిస్తుంది. పోయిన ఎలక్ట్రానును అయోడిన్ కలిసిన ద్రావణం తిరిగి సమకూరుస్తుంది. ఆకులో పత్రహరితం వెలుగును పట్టే తీరు ఇందుకు స్ఫూర్తి. పలక పలుచన గనుక వెలుగు కొంత లోపలికీ వస్తుంది.

పెడన అద్దకం చూసినవారికి ఇది వింతగా తోచదు. కరక్కాయ నీటిలో ముంచి, పటిక పట్టించకపోతే గుడ్డకు రంగు నిలవదు. ఇక్కడా రంగు అణువుకు తెల్లపొరను గట్టిగా పట్టుకొనే కొక్కెములు అమర్చాలి. ఏ రంగు ఎక్కువ వెలుగును తాగుతుంది, ఏది నిలిచి ఉంటుంది అన్నదే ఏళ్ళ తరబడి సాగిన అన్వేషణ.

ఆ అన్వేషణలో ముందు వరుసన నిలిచినవాడు మనవాడే. మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, అక్కడే డాక్టరేటు పొంది, కొంతకాలం పాఠాలు చెప్పి, భావనగర్‌లోని ఉప్పు పరిశోధన సంస్థలో పనిచేసి, 1987లో లొసాన్ చేరాడు. రుథీనియం లోహంతో ఆయన బృందం తయారుచేసిన రంగుల గురించి 1993లో వెలువడిన పత్రం ఆ రంగంలో అందరూ చదివేది. వాటితో ప్రయోగశాలలో సుమారు పది శాతం సామర్థ్యం సాధించారు. ఆ 1993లోనే లొసాన్ దాపున ఓబోన్ అనే చిన్న ఊరిలో టోబీ మేయర్, ఆండ్రియాస్ మేయర్ 'సోలరోనిక్స్' సంస్థను ప్రారంభించారు. 2014లో లొసాన్‌లోని స్విస్‌టెక్ సమావేశ మందిరం పడమటి గోడకు సుమారు 300 చదరపు మీటర్ల మేర ఈ సంస్థ రంగు పలకలు బిగిశాయి. పడమటి గోడే సుమండీ! అక్కడ ఎండను ఆపుతూ కరెంటు ఇస్తున్నది. ఇక్కడ తెర దించుకొంటున్నాము.

1991 నుండి 2014 దాకా లెక్కిస్తే ఇరవైమూడేళ్ళు. ఇంచుమించు ఒక ఉపాధ్యాయుని ఉద్యోగకాలం!

అమెరికాలో మరొక దారి తొక్కారు. ఎం.ఐ.టి.లో వ్లదిమిర్ బులోవిచ్, రిచర్డ్ లంట్, మైల్స్ బార్ ప్రభృతులు కంటికి కనబడే వెలుగును పూర్తిగా వదిలి, కనబడని అతినీల, పరారుణ కిరణాలనే పట్టే పలుచని పొరను తలపెట్టారు. 'యుబిక్విటస్ ఎనర్జీ' సంస్థ పుట్టినది ఆ పని నుండే. నిండుగా పారదర్శకమైన ఇటువంటి ఘటాల సామర్థ్యం ఐదు శాతం దాటినదని 2017లో లంట్ చెప్పాడు. అప్పటి మామూలు నల్లపలక ఇచ్చేదానిలో అది సుమారు మూడవ వంతు మాత్రమే.

కనుక ఈ గాజును రేపే తెచ్చి మన మేడలకు బిగించమని నేను అనను. పదహారున్నర డిగ్రీల అక్షాంశం మనది. మే నెల నడినెత్తి ఎండలో దక్షిణపు గోడకు దక్కే వెలుగు స్వల్పం. మనకు మొదట పైకప్పు, తరువాతే గోడ. బెజవాడ స్టేషనులో 4, 5 ప్లాట్‌ఫారాలకు 2021లో 130 కిలోవాట్ల సౌరపలకలనే కప్పుగా వేశారు. రేకు వేసి దానిపై పలక పెట్టక, పలకనే రేకు చేశారు. అదీ వివేకం. గాజుగోడ కావలసినవారు కనీసం తూర్పు పడమరలు చూసుకోవద్దా?

కాని నా బాధ గాజును గురించి కాదు. మేడను అభివృద్ధికి గుర్తుగా మెచ్చుకొనే మనము, అందులోని పలకకై ఇరవయ్యేళ్ళు ఒకే రంగును పట్టుకొని కూర్చునే మనిషిని మాత్రం మన ఇంట పుట్టనీయము. ఇది ఒకరిని అనడానికి నాకు అర్హత లేదు. అసలు సంగతి చెప్పి తీరాలి.

ఆ నాలుగో అంతస్తువాడు దివిసీమలో నా దగ్గర చదువుకొన్నాడు. తరువాత రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, 2004లో పరిశోధనకు పోతానన్నాడు. వాళ్ళ నాన్న నా వద్దకు వచ్చి "మీ మాట వింటాడు, కాస్త చెప్పండి" అన్నాడు. నేను చెప్పాను. "ముందు నిలదొక్కుకోరా, పరిశోధన ఎక్కడికీ పోదు" అన్నాను. వాడు విన్నాడు. పరిశోధన ఎక్కడికీ పోలేదు గాని, వాడు దానికి దూరమైపోయాడు. మొన్న ఆ మాట ఎత్తితే నవ్వి, "మీరు నా మేలు కోరే చెప్పారు కదా మాస్టారూ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

వచ్చేటప్పుడు లిఫ్టు దాకా సాగనంపుతూ, "మా అమ్మాయి ఇంటరు అయ్యాక కెమిస్ట్రీయే చదువుతానంటోంది. మీరొకసారి మాట్లాడి కంప్యూటర్సులో చేరమని చెప్పండి" అన్నాడు. "మాట్లాడతాను గాని ఈసారి ఆ మాట చెప్పనయ్యా" అన్నాను. వాడు కాసేపు ఊరుకొని, "సరే, మీ ఇష్టం" అన్నాడు. సెలవులలో ఆ పిల్లను పెడన తీసుకుపోయి అద్దకపు తొట్లు చూపించాలని ఉన్నది.

ఒక విన్నపం. మీలో ప్రయోగశాలలలో పనిచేసేవారు ఉంటే, మీ పనిని గురించి, అందులోని విసుగును గురించి కూడా, తెలుగులో వ్రాయండి. ఆ పిల్లకు చదివి వినిపిస్తాను.