చివరి బడికి పైసలు ఎప్పుడు?

2022లో తెలంగాణ ప్రభుత్వం 'మన ఊరు – మన బడి' ప్రారంభించింది. 26,065 బడులకు మూడేళ్లలో రూ.7,289 కోట్లు పెడతామన్నది. తొలి విడతకు 9,123 బడులను, పిల్లలు ఎక్కువున్న వాటినే ఎంచుకున్నది.

లెక్క సబబుగానే కనిపిస్తుంది. కానీ కప్పు కురుస్తున్నదని, మరుగుదొడ్డి లేదనే కదా మన పిల్లలు ప్రైవేటు బస్సు ఎక్కింది! పిల్లలు తగ్గారని పైసలు రావు. పైసలు రాక పిల్లలు ఇంకా తగ్గుతారు. కాలువ చివరి పొలం గతే చిన్న ఊరి బడిది. ఆ ప్రైవేటు ఫీజు మన పంట పైసల్లోంచే, లేదంటే అప్పులోంచే పోతుంది.

మా ఊళ్లో బడి కమిటీ తరఫున పని చేయించిన రైతు సిమెంటుకు, ఇసుకకు సొంతంగా అప్పు తెచ్చాడు. బిల్లు కోసం నెలల తరబడి తిరిగాడు. ఇదేం న్యాయం?

మేము అడిగేది మూడే. ఎంపికలో పిల్లల సంఖ్యతో పాటు గదుల దుస్థితీ చూడాలి. చేసిన పనికి బిల్లు వెంటనే ఇవ్వాలి. మంజూరెంత, ఖర్చెంత అన్నది బడి గోడపై రాసి గ్రామసభలో చదవాలి.

పాసుబుక్కులో గుంట తేడా వస్తే ఊరుకోం. బడి లెక్కలో తేడా వస్తే ఎందుకు ఊరుకోవాలి? వచ్చే గ్రామసభలో అడుగుదాం.